లైఫ్ కోచ్ అడగని రెండో ప్రశ్న

తెలుగునాట ‘కోచింగ్’ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పరీక్ష. హైదరాబాదు అశోక్‌నగర్ వీధుల్లో గ్రూప్స్ పరీక్షలకూ, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకూ, బెజవాడ చుట్టుపట్ల ఇంజనీరింగు, వైద్య ప్రవేశ పరీక్షలకూ ఇచ్చే శిక్షణకే మనవాళ్ళు ఆ పేరు వాడుకుంటున్నారు. ఇది మన అజ్ఞానం వల్ల వచ్చిన వాడుక కాదు. ఆ మాట చరిత్రే అట్లాంటిది. హంగరీలో కోచ్ అనే గ్రామంలో తయారైన మంచి గుర్రబ్బండికి ఆ వూరి పేరే నిలిచింది. బండితోపాటు మాట కూడా యూరపు దేశాలకు పాకింది. 1830ల నాటికి ఆక్స్‌ఫర్డు విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాస్టరును వేళాకోళంగా ‘కోచ్’ అనసాగారు. ఆ తరువాతే ఆ మాట ఆటల మైదానంలో అడుగుపెట్టింది. బండికీ, ట్యూషన్ మాస్టరుకూ, ఆటల గురువుకూ ఒక పోలిక ఉన్నది: చేరవలసిన చోటు ముందే తెలుసు.

మరి ‘లైఫ్ కోచ్’ మాట? జీవితమనే పరీక్షకు ప్రశ్నపత్రం ఎవరు తయారుచేశారు? ఇన్ని మార్కులు వస్తే ఉత్తీర్ణుడని ఎవరు నిర్ణయించారు?

ఈ ప్రశ్న చమత్కారం కోసం వేసింది కాదు. లైఫ్ కోచ్‌గా వృత్తి ప్రారంభించడమెట్లా, దాన్ని వృద్ధి చేసుకోవడమెట్లా అని బోధించే పుస్తకాలూ, ఉపన్యాసాలూ, శిక్షణ తరగతులూ కలిసి ఈనాడు ఒక ప్రత్యేక వాఙ్మయంగా తయారైనాయి. దీన్ని సాహిత్యమనడానికి మన విమర్శకులు ఇష్టపడకపోవచ్చు. కాని జీవితంలో ఒక్క నవల చదవని విద్యార్థి కూడా దీన్ని చదువుతున్నాడు, వింటున్నాడు, నోట్సు రాసుకుంటున్నాడు. ప్రైవేటు కళాశాలలో ఎప్పుడు తీసేస్తారో తెలియని అధ్యాపకుడు, ఉద్యోగానికి విరామమిచ్చి పిల్లల్ని పెంచి తిరిగి పని దొరక్క ఇంట్లో ఉన్న చదువుకున్న స్త్రీ, నలభై అయిదేళ్ళకే కంపెనీ వద్దన్న ఇంజనీరు - వీళ్ళు ఈ వాఙ్మయాన్ని ఊరికే చదవడం లేదు. దాన్ని నమ్మి అప్పు చేసి ఫీజులు కడుతున్నారు. కాబట్టి దాన్ని కూడా నవలనూ నాటకాన్నీ పరీక్షించినట్టే పరీక్షించాలి.

ఈ వంశానికి మూలపురుషుడు శామ్యూల్ స్మైల్స్. ఆయన ‘సెల్ఫ్ హెల్ప్’ 1859లో అచ్చయింది. డార్విన్ జాతుల పుట్టుక గ్రంథమూ, మిల్ స్వేచ్ఛను గురించిన గ్రంథమూ, మార్క్స్ అర్థశాస్త్ర విమర్శా కూడా ఆ సంవత్సరమే వచ్చాయి. మొదటి ఏడాదే ఇరవైవేల ప్రతులు అమ్ముడుపోయాయి. 1871లో నకమురా మసనావో దాన్ని జపాను భాషలోకి తెస్తే అక్కడా అది ఒక తరాన్ని ఊపేసింది. ఇదంతా తెలిసిన సంగతే. తెలియవలసిన సంగతి ఆ పుస్తకం ఎట్లా పుట్టిందన్నది.

ఇంగ్లండులో లీడ్స్ నగరం బట్టల మిల్లుల నగరం. అక్కడ అతి సామాన్యులైన ఇద్దరు ముగ్గురు పనివాళ్ళు చలికాలపు సాయంకాలాల్లో ఒకరి ఇంట్లో కూడి, తమకు తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవడం ప్రారంభించారు. చదవను రానివాడికి చదవడం వచ్చినవాడు నేర్పాడు. లెక్కలు వచ్చినవాడు లెక్కలు చెప్పాడు. జనం పెరిగి గది చాలకపోతే, ఎండాకాలం కాబట్టి పెరటిలోకి వెళ్ళారు. మళ్ళీ చలి ముంచుకొచ్చేసరికి వందమంది దాకా అయినారు. ఎవరూ అద్దెకు తీసుకోని ఒక పాత గది వాళ్ళకు దొరికింది. అంతకుముందు అందులో కలరా రోగులను ఉంచేవారట. ఆ భయంతో దాని జోలికి ఎవరూ పోలేదు. వాళ్ళు ఆ గదిలో బడి పెట్టి, 1845లో స్మైల్స్ దగ్గరికి వెళ్ళి, మాకు నాలుగు మాటలు చెప్పండని అడిగారు. ఆయన అప్పటికి ఆ వూళ్ళో సంస్కరణవాద పత్రికకు సంపాదకత్వం వహించి పేరు పొందినవాడు. వెళ్ళాడు, చెప్పాడు. ఆ ఉపన్యాసాలే పెరిగి పెరిగి పద్నాలుగేళ్ళకు పుస్తకమైనాయి.

ఇక పుస్తకం లోపల ఏముంది? ఇంజనీర్లు, కుమ్మరులు, శిల్పులు, యంత్రాలు కనిపెట్టినవాళ్ళు - ఒక్కొక్కరి జీవితకథ. ఒక్కడు పట్టుదలగా కష్టపడ్డాడు, పైకి వచ్చాడు. మరొకడు కష్టపడ్డాడు, పైకి వచ్చాడు. కలరా గదిలో వందమంది కలిసి చేసిన పని పుస్తకానికి పీఠికలో కథగా మిగిలింది. పుస్తకానికి సూత్రం మాత్రం కాలేకపోయింది. స్మైల్స్ కపటి కాడు. పుస్తకం పేరు చూసి జనం దాన్ని స్వార్థానికి స్తోత్రంగా అర్థం చేసుకుంటున్నారని నొచ్చుకుని, 1866 కూర్పులో ఆయనే వివరణ రాసుకున్నాడు. కాని రచయిత ఉద్దేశం ఒకటి, రచన రూపం చేసే పని మరొకటి. వరసగా వ్యక్తుల విజయగాథలు పేర్చిన పుస్తకం, సహాయపడిన సాటివాళ్ళను కనబడనివ్వదు. మన తెలుగులో కూడా యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి అయిదు మెట్లు’ మొదలుకొని ఈ వాఙ్మయమంతటికీ మెట్టు అనే ఉపమానం ఎంత ప్రియమైనదో పాఠకులు గమనించే ఉంటారు. మెట్లెక్కేవాడు ఎక్కుతూ పోతాడు. ఆ మెట్లు ఎవరు కట్టారో ఉపమానంలో చోటు లేదు.

స్మైల్స్ రాసింది పుస్తకం. దాన్ని వృత్తిగా మార్చినవాడు డేల్ కార్నెగీ. నటుడు కావాలనుకుని కాలేక, లారీలు అమ్మి విసిగి, 1912లో న్యూయార్కు వై.ఎం.సి.ఏ.లో ఉపన్యాసకళ నేర్పుతానని వెళ్ళాడు. రాత్రికి రెండు డాలర్లు అడిగితే వాళ్ళు ఇవ్వలేమన్నారు. సరే, వసూలైన దాంట్లో వాటా ఇవ్వండన్నాడు. ఈ చిన్న బేరంలో ఒక పెద్ద మార్పు ఉన్నది: జీతానికి పాఠం చెప్పే మాస్టరు, ఆ రాత్రితో తన విద్యార్థులనే ఆదాయంగా లెక్కపెట్టుకోవలసిన వర్తకుడైనాడు. ఆయన ప్రసిద్ధ గ్రంథం 1936లో, అమెరికాలో నిరుద్యోగం ఇంకా తీరని రోజుల్లో వచ్చింది. మరుసటి సంవత్సరమే నెపోలియన్ హిల్ తలచుకుంటే ధనవంతుడివి కావచ్చన్నాడు. 1971లో వెర్నర్ ఎర్హార్డ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో హోటలు హాళ్ళలో వందలమందిని కూర్చోబెట్టి ‘ఎస్ట్’ అనే శిక్షణ నడిపాడు. ఆ సంస్థలో పనిచేసి వచ్చిన థామస్ లెనార్డ్ 1992లో కోచ్‌లకు విశ్వవిద్యాలయమంటూ ఒక బడి పెట్టాడు. 1995లో కోచ్‌ల అంతర్జాతీయ సమాఖ్యకు పునాది వేశాడు. ఆటల వైపు నుంచి వచ్చిన పాయ వేరు. టిమొతీ గాల్వే 1974లో టెన్నిసు ఆటగాడి మనసులో జరిగే ఆటను గురించి రాశాడు. మోటారు పందేల్లో పాల్గొన్న జాన్ విట్‌మోర్ 1992లో దాన్ని ఆఫీసులకు తెచ్చాడు. ఈ రెండు పాయలూ కలిసిన చోట ఈనాటి లైఫ్ కోచ్ ఉన్నాడు.

ఇప్పుడు వృత్తి ప్రారంభించేవాడికి ఈ వాఙ్మయం ఏం చెబుతున్నదో చూద్దాం. ముందు నీ రంగం ఎంచుకో అంటుంది. అందరికీ అన్నీ చెప్పేవాడి దగ్గరకు ఎవరూ రారు కనుక, విడాకులు తీసుకున్న స్త్రీలో, ఉద్యోగం మారదలచినవాళ్ళో, పరీక్ష తప్పినవాళ్ళో, ఎవరో ఒక వర్గం నీదిగా చేసుకో. తర్వాత మొదటి సంభాషణ ఉచితంగా ఇవ్వు. గంటకింత అని చెప్పకు. మూడునెలలకు ఇంత అని మొత్తం చెప్పు. మేలు పొందినవాళ్ళ చేత నాలుగు మాటలు రాయించుకో. ఫీజు చెప్పేటప్పుడు తడబడకు. తడబడితే నీ విలువ నీకే తెలియనట్టు. ఈ సలహాలు వ్యాపారానికి పనికిరానివి కావు. కిరాణా కొట్టు పెట్టేవాడికి కూడా ఇవి పనికొస్తాయి. అసలు చిక్కు అదే. ఎదుటి మనిషి కష్టాన్ని ఎట్లా వినాలి, విని ఏం చేయాలి, ఏం చేయకూడదు అనే సంగతి ఈ పుస్తకాల్లో కొద్ది పుటల్లో తేలిపోతుంది. మిగతాదంతా తనను తాను అమ్ముకోవడం గురించే.

ఇక్కడ గిరీశం గుర్తుకు రాకుండా ఉండడు. అప్పులవాళ్ళ బాధ తప్పించుకోవడానికి, పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవుల్లో ఇంగ్లీషు చెబుతానన్న మిషమీద కృష్ణరాయపురం చేరిన ఆ మహానుభావుడు, ఈ కరదీపికల్లో ఉన్నవన్నీ చదవకుండానే ఆచరించాడు. తనకు తగిన క్లయింటును ఎంచుకున్నాడు. వాడి తల్లి ఎదుట ఇంగ్లీషులో సంభాషించి యోగ్యతాపత్రం సంపాదించాడు. భోజనవసతులు ఫీజుగా పుచ్చుకున్నాడు. వెంకటేశానికి ఏం వచ్చిందంటే చుట్ట కాల్చడం వచ్చింది. అయితే ఈనాటి కోచ్‌లంతా గిరీశాలని తీర్పు చెప్పి ఊరుకుంటే అది విమర్శ కాదు, తిట్టు. గిరీశానికి తన మోసం తెలుసు. ఈనాడు ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళలో చాలామంది మనస్ఫూర్తిగా సాటివారికి సాయపడదామని వస్తున్నారు. వాళ్ళకు దొరికిన పాఠ్యపుస్తకంలోనే లోపం ఉన్నది.

అంతర్జాతీయ సమాఖ్య వారి యోగ్యతా నిబంధనలు చూడండి. మొదటి స్థాయి పత్రానికి 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం కావాలి. రెండో స్థాయికి 500 గంటలు, పై స్థాయికి 2500. మొదటి 100 గంటల్లో 75 డబ్బు పుచ్చుకుని చేసినవై ఉండాలి. ఎంత చిన్న మొత్తమైనా ఫరవాలేదు, డబ్బుకు బదులు మరో సేవ పుచ్చుకున్నా సరే. నియమం పెట్టినవాళ్ళ ఉద్దేశం బహుశా సత్సంకల్పమే: ఉత్తుత్తి కబుర్లను అనుభవంగా లెక్కపెట్టకూడదని. కాని దాని ఫలితం చూడండి. రాత్రిబడిలో పాతికేళ్ళు పాఠం చెప్పి, వందలమంది కష్టసుఖాలు విన్న మాస్టరు గంటలు ఈ లెక్కలోకి రావు. మేనమామ కొడుకు దగ్గర నూరు రూపాయలు పుచ్చుకుని విన్న గంట వస్తుంది.

ఇంకో సంగతి. డాక్టరు దగ్గరికి వచ్చినవాణ్ణి రోగి అంటాం. వకీలు దగ్గరికి వచ్చినవాడు కక్షిదారు. గురువు దగ్గరికి వచ్చినవాడు విద్యార్థి. లైఫ్ కోచ్ దగ్గరికి వచ్చినవాణ్ణి ఏమనాలో తెలుగులో మాట లేదు. క్లయింటు అనే అంటున్నాం. ఆ సంబంధం ఏమిటో ఇంకా తేలలేదనడానికి భాషే సాక్ష్యం చెబుతున్నది.

ఇంతా చెప్పి, ఈ పద్ధతిలో ఉన్న గుణాన్ని చెప్పకపోతే అన్యాయమవుతుంది. విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో నాలుగు అంచెలున్నాయి: నీ లక్ష్యమేమిటి, వాస్తవ పరిస్థితి ఏమిటి, ఏయే మార్గాలున్నాయి, వాటిలో ఏది చేస్తావు. ఇందులో సలహా లేదు, ఉపదేశం లేదు, శాపనార్థాలు లేవు. మనదేశంలో ప్రశ్నలు వేసే హక్కు పెద్దవాళ్ళది, జవాబు చెప్పే బాధ్యత చిన్నవాళ్ళది; ఆ జవాబు కూడా పెద్దవాళ్ళకు ముందే తెలుసు. అట్లాంటి చోట ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఏ బంధుత్వమూ అధికారమూ లేకుండా, ‘నీవు ఏం చేయదలచావు?’ అని అడిగి, గంటసేపు నోరు మూసుకుని వినడం చిన్న విషయం కాదు. అందుకే జనం డబ్బిచ్చి వెళుతున్నారు. వినేవాడు ఇంట్లోనూ, కళాశాలలోనూ, పనిచేసే చోటా దొరకడం లేదు మరి.

అయితే ఈ నాలుగు అంచెలకు ఒక పరీక్ష పెట్టి చూద్దాం. ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఫిజిక్సు అధ్యాపకుడు ఉన్నాడనుకోండి. పదినెలల జీతమే ఇస్తారు. ఏప్రిల్, మే నెలలకు లేదు. ఆ రెండు నెలలూ కొత్త విద్యార్థులను చేర్పించడానికి ఇళ్ళ చుట్టూ తిరగాలి. నిద్ర పట్టడం లేదు, తరగతిలో కోపం వస్తున్నది. అతను ఒక కోచ్ దగ్గరికి వెళ్ళాడు. లక్ష్యం: ప్రశాంతంగా ఉండాలి, ఆదాయం పెరగాలి. వాస్తవం: జీతం చాలదు, భయం. మార్గాలు: సాయంత్రం ట్యూషన్లు చెప్పడం, కొత్త విద్య నేర్చుకోవడం, వేరే వూరు వెళ్ళడం, తెల్లవారుజామున లేచి ధ్యానం చేయడం. సంకల్పం: రేపటినుంచి అయిదింటికి లేస్తాను. మంచిదే. లేచాడు, కొంత తేలికపడ్డాడు. కోచ్‌కు మంచిమాట రాసిచ్చాడు.

ఆ కళాశాల స్టాఫ్ రూములో అతనితోపాటు ఇంకా పదకొండుమంది ఉన్నారు. వాళ్ళకూ ఏప్రిల్ జీతం లేదు. వాళ్ళకూ నిద్ర పట్టదు. ఆ పదకొండుమంది ‘మార్గాలు’ అనే మూడో అంచెలో ఎందుకు రాలేదు? పద్ధతి వద్దనలేదు, మార్గాలన్నీ చెప్పమనే అన్నది. కాని కోచ్ మూడునెలల మొత్తం చెప్పి ఒక వ్యక్తికి ఫలితం అమ్మాడు. ఆ వ్యక్తి చేతిలో ఉన్నదే ఫలితమవుతుంది, పన్నెండుమంది కలిస్తే వచ్చేది కాదు. ‘నీవేం చేయగలవు?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఇది నీవొక్కడివే ఎందుకు చేయాలి?’ అన్నది రెండోది. నాకు కనిపించిన కరదీపికల్లో మొదటిదానికి ఎన్నో రూపాలున్నాయి. రెండోది ఎక్కడా లేదు.

ఆ రెండో ప్రశ్న అడిగితే ఏమవుతుందో చూడటానికి లీడ్స్ దాకా పోనక్కరలేదు. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచిన రోజుల్లో, రాత్రివేళ లాంతరు చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళకు వాచకంలోని కథ మీద మాట్లాడుకునే అవకాశం వచ్చింది. మొగుడు కూలి డబ్బులు సారాకు పోస్తున్నాడన్నది అంతవరకూ ఎవరింటి బాధ వాళ్ళది, ఎవరి తలరాత వాళ్ళది. పదిమంది ఒకచోట చెప్పుకునేసరికి అది ఊరి సారా దుకాణం సంగతి అయింది. దూబగుంట స్త్రీలు 1992లో దుకాణం మూయించారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. ఆ స్త్రీలలో ఒక్కొక్కరిని విడివిడిగా కూర్చోబెట్టి, మూడునెలలపాటు సహనాన్నీ పొదుపునూ అభ్యాసం చేయించి ఉంటే, కొందరు మరింత సహనవంతులై ఉండేవారు. దుకాణం మాత్రం ఉండేది.

ఒక భ్రమ కూడా పెట్టుకోకూడదు. పదిమంది కూడినంత మాత్రాన అన్నీ చక్కబడవు. తెలుగులో ‘సెల్ఫ్ హెల్ప్’ అనే మాటకు ‘సంఘం’ చేర్చి స్వయం సహాయక సంఘమన్నాం. ఇంగ్లీషువాడి మాట కన్నా అది మేలైన మాట. కాని ఆ సంఘాల సభ్యుల వెంటే సూక్ష్మరుణ సంస్థలు పడి, ఒకరి బాకీకి పదిమంది చేత ఒత్తిడి పెట్టించాయి. 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. సంఘం పేరుతోనే మనిషిని ఒంటరిని చేయవచ్చునని అప్పుడు చూశాం.

వృత్తిలోకి దిగే కోచ్ పరిస్థితి కూడా ఆలోచించదగ్గదే. అతను యజమాని కాడు, జీతగాడు కాడు. కుట్టుమిషను అప్పుమీద కొనుక్కుని గిరాకీ కోసం వీధి అరుగు మీద కూర్చున్న దర్జీ వంటివాడు. శిక్షణకు ఫీజు, పత్రానికి ఫీజు, పత్రం తిరిగి రాయించుకోవడానికి ఫీజు, క్లయింట్లను సంపాదించడమెలాగో నేర్పే మరో కోచ్‌కు ఫీజు. రైతుకు పంట పండినా పండకపోయినా విత్తనాల షావుకారుకు నష్టం లేదు. పైగా పంట పండకపోతే తప్పు రైతు మనస్తత్వానిదేనని ఈ షావుకారు పుస్తకంలో ముందే రాసిపెట్టాడు. రోజంతా ఒంటరిగా కూర్చుని ఇతరుల ఒంటరితనాన్ని వినే ఈ మనిషికి, ‘నీవొక్కడివే ఎందుకు?’ అన్న ప్రశ్న తన విషయంలో కూడా ఎవరూ వేయలేదు.

మనదేశంలో క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం పేరు నమోదు కావాలి. లైఫ్ కోచ్‌కు అటువంటి నమోదు లేదు. ఈవేళ బోర్డు కట్టుకుని ఈవేళే ప్రారంభించవచ్చు. అందువల్ల తనకు తాను కట్టుబాట్లు పెట్టుకోవలసిన బరువు పూర్తిగా ఆ మనిషి మీదే ఉన్నది. ఈ వృత్తిలోకి వెళ్ళదలచిన మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ఉన్నారు. వాళ్ళను వద్దనే అధికారం ఎవరికీ లేదు. బతకాలి కదా. కాని వెళ్ళేవాళ్ళు కొన్ని పనులు చేయగలరు. నేను డాక్టరును కానని మొదటి కాగితం మీదే తెలుగులో రాసివ్వాలి. నిద్రాహారాలు మానేసినవాడూ, చనిపోవాలని ఉందన్నవాడూ వస్తే ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి, అవసరమైతే తోడు వెళ్ళాలి. ఇంత కాలంలో ఇంత ఫలితమని మాట ఇవ్వకూడదు. విన్న సంగతిని పేరు మార్చి కూడా ప్రకటనకు వాడుకోకూడదు. వచ్చిన ప్రతివాడినీ ఒకసారైనా అడగాలి: ‘నీ కష్టమే ఉన్నవాళ్ళు నీ చుట్టూ ఎంతమంది?’ వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పమనాలి. పైన చెప్పుకున్న ఫిజిక్సు అధ్యాపకుడు తన పదకొండుమంది పేర్లూ చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ తరువాత అతను రెండో నెల ఫీజు కట్టడానికి రాకపోవచ్చు. ఏప్రిల్ జీతం సంగతి మాట్లాడటానికి స్టాఫ్ రూము తలుపు దగ్గరికి వేసుకుని, కుర్చీలు లాక్కుని కూర్చునే ఉంటారు.